కారణం: ఓల్టేజి తేడా

బోరు మోటార్లు చేసే కంపెనీలో నేను ఇరవై తొమ్మిదేళ్లు సర్వీసు ఇంజినీరుగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం బెంగళూరుకు దగ్గర్లోని చింతామణిలోనే గడిచింది. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో మా కంపెనీ మోటారు ఎక్కడ ఆగినా కబురు నాకు వచ్చేది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఈమధ్య మా ఇంటికి వచ్చి, ఉద్యోగం ఎలా ఉంటుందని అడిగారు. ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నీ మంచి మాటలే చెప్పి పంపించాను. చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

సంచి మోసిన రోజులు

మా ప్రాంతంలో పారే ఏరు లేదు, కాలువ లేదు. బోరు ఒక్కటే దిక్కు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మూడు వందల అడుగుల్లో నీళ్లు పడేవి. రెండు వేల సంవత్సరం దాటేసరికి తొమ్మిది వందలు, వెయ్యి అడుగులు తవ్వించినా కొందరికి తడిమట్టే వచ్చేది. అంత లోతులో ఉన్న మోటారు ఆగిందంటే దాన్ని చూడటానికి కూడా వీలుండదు. క్రేన్ బండి తెప్పించి, నలభై అయిదు ఇనుప పైపులు ఒక్కొక్కటిగా పైకి లాగి విప్పితే, చివరి పైపుకు వేలాడుతూ మోటారు బయటికి వస్తుంది. అందుకు ఒక పూట పడుతుంది. మోటారు ఆగిన మొదటి రోజు రైతు స్టార్టరు పెట్టె ముందు నిలబడి పచ్చ బొత్తాం నొక్కుతూ ఉంటాడు. రెండో రోజు మనకు ఫోను చేస్తాడు. మూడో రోజుకు ఆకు వాడుతుంది. మన పని మొత్తం ఆ రెండో రోజుకూ మూడో రోజుకూ మధ్య జరగాలి.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో నాణ్యత చూసే పెద్దాయన ఒకరు ఉండేవారు, రాఘవన్ గారని. ఏడాదికి రెండుసార్లు సర్వీసు ఇంజినీర్లందరినీ పిలిపించేవారు. ఖాళీ చేతులతో వెళ్తే లోపలికి రానిచ్చేవారు కాదు. చెడిపోయిన మోటార్ల నుంచి తీసిన ముక్కలు గోనెసంచిలో వేసుకుని రైలెక్కేవాళ్లం. ఆయన బల్ల మీద పాత పేపరు పరిచి, ఒక్కో ముక్క చేతిలోకి తీసుకుని, ఇది ఏ ఊరిది, బోరు ఎంత లోతు, నీళ్లలో ఇసుక వస్తుందా అని అడిగేవారు. ఆ రెండు రోజుల్లో ఆయన రాసుకున్నదాన్ని బట్టి తర్వాతి ఏడాది మోటారులో ఏదో ఒకటి మారేది. ఆయన నోటిదురుసు మనిషి. నన్ను రెండుసార్లు అందరి ముందు తిట్టారు. అయినా ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లెవరూ ఇసుక గురించి నన్ను అడగలేదు.

కొత్త మోటారు, కొత్త కంప్యూటరు

రాఘవన్ గారు వెళ్లిపోయిన కొన్నాళ్లకు మార్కెట్టు మారింది. పేరూ ఊరూ లేని మోటార్లు సగం ధరకు దిగాయి. బాగేపల్లిలో హైవే మీద ఉన్న మా డీలర్లే వాటిని ముందు వరుసలో పెట్టి, మా మోటార్లను వెనక్కి జరిపారు. అమ్మకాలు పడిపోయాయి. హెడ్డాఫీసు ఒకే ఏడాదిలో రెండు నిర్ణయాలు తీసుకుంది. ఒకటి, ధర తగ్గించిన తేలిక మోటారు తయారుచేయడం. రెండు, కంపెనీ మొత్తాన్నీ ఒకే సాఫ్టువేరులోకి తేవడం. రైతు ఇక మాకు ఫోను చేయనక్కర్లేదు. బెంగళూరులో ఒక నంబరు ఉంటుంది. అక్కడి అమ్మాయి ఫిర్యాదు రాసుకుని ఒక నంబరు ఇస్తుంది. అది నా కంప్యూటర్లో కనిపిస్తుంది. నలభై ఎనిమిది గంటల్లో దాన్ని మూసేయాలి. గడువు దాటితే ఎర్రబడుతుంది. ఏ ఊళ్లో ఏ మోటారు ఎందుకు చెడిందో యజమానులు తమ గదిలో కూర్చుని ఆ సాయంత్రమే చూడొచ్చు, దాన్ని బట్టి ఏం తయారుచేయాలో, ఎక్కడ అమ్మాలో తేల్చుకోవచ్చు.

నిజం చెప్పాలంటే నాకది బాగా నచ్చింది. సంచి మోసే బాధ తప్పిందనుకున్నాను.

ఫిర్యాదు మూసేటప్పుడు కారణం రాయడానికి ఖాళీ ఉండదు. నాలుగు కారణాలు వస్తాయి, ఒకటి ఎంచుకోవాలి. ఓల్టేజి తేడా. బోరులో నీళ్లు లేకపోవడం. వైరింగు తప్పు. తయారీ లోపం. మొదటి మూడింటిలో ఏది నొక్కినా రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. నాలుగోది నొక్కితే మోటారును ఫ్యాక్టరీకి పంపాలి, ఫోటోలు తీయాలి, ముగ్గురు సంతకాలు పెట్టాలి. ఇదంతా తేలడానికి నెలన్నర. అన్నాళ్లూ ఆ ఫిర్యాదు నా పేరు పక్కన ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది.

మా పై అధికారి ప్రభాకర్ గారు బెంగళూరులో ఉండేవారు. చెడ్డవాడు కాదు. మా నాన్న పోయినప్పుడు కారు పంపించిన మనిషి. ఒక పొద్దున ఆయన ఫోను చేశారు.

"నీ మూడు తాలూకాలూ ఎర్రగా కనిపిస్తున్నాయి. పైవాళ్లు నన్ను అడుగుతున్నారు."

"సార్, కొత్త మోటార్లు ఎక్కువగా వస్తున్నాయి. తయారీలోనే ఏదో ఉన్నట్టుంది. ఫ్యాక్టరీకి పంపించాను, జవాబు లేదు."

"అవన్నీ నాకు తెలుసు. సాయంత్రానికి పచ్చగా కావాలి. ఎలా చేస్తావో నాకు చెప్పొద్దు."

ఆ సాయంత్రం ఎర్రగా ఉన్నవాటన్నిటికీ ఓల్టేజి తేడా అని నొక్కాను. తెర పచ్చబడింది. మా ప్రాంతంలో కరెంటు సరిగ్గా ఉండదన్నది ఎవరికైనా తెలిసిందే కాబట్టి ఎవరూ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. మర్నాడు ప్రభాకర్ గారు థాంక్స్ చెప్పారు. ఆ తర్వాత నేను వేరే బొత్తాం నొక్కింది చాలా తక్కువ.

వెంకటరవణప్ప చూపించింది

బాగేపల్లిలో వెంకటరవణప్పకు మోటారు వైండింగు షాపు ఉండేది. కాలిన తీగ విప్పేసి కొత్త తీగ చుట్టడంలో మా ప్రాంతంలో ఆయన్ను మించినవాడు లేడు. మా కంపెనీ పని కూడా ఆయనకే ఇచ్చేవాళ్లం. ఒకరోజు నేను వెళ్లేసరికి పాత పెయింటు డబ్బా తెచ్చి నా ముందు కుమ్మరించాడు. నల్లగా, పెళుసుగా, పగిలిన కార్బన్ ముక్కలు.

"ఇవన్నీ మీ కొత్త మోటార్లలోవే సార్. కింద బరువు మోసే బేరింగు. అన్నీ ఇదే మాదిరి పగిలిండాయి."

"ఓల్టేజి పడిపోతే కాలతాది గదప్పా" అన్నాను.

"కరెంటుకు కాలితే తీగంతా ఒకే మాదిరి కమురుతాది. ఇదో, ఇది జూడు. ఒక పక్కే కాలిండాది. బేరింగు పగిలి, తిరిగేది కిందికి కూలబడి, రాసుకోని రాసుకోని కాలిండాది. ముందర యీ బేరింగు ఇంత మందం ఉండె. ఇప్పుడు సగం జేసినారు."

"బోరు లోతెక్కువ. బరువుకు పగిలింటాది."

"లోతెక్కువని తెలిసే గదా సార్ మనకు అమ్మతాండారు?"

ఆయన ముక్కలు తిరిగి డబ్బాలోకి ఎత్తుతూ అడిగాడు, "వీటికి ఏమని రాసినావు?"

"ఓల్టేజి."

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "నువ్వే అట్ల రాస్తే వాళ్లకు యాడ తెలుస్తాదప్పా?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

ఆ రోజే నేను సరిదిద్దుకుని ఉండొచ్చు. ఒక ఉత్తరం రాస్తే సరిపోయేదేమో. రాయాలనుకున్నాను కూడా. అయితే అప్పటికే ఏడాదిగా నా పేరుతో వందల ఫిర్యాదులు ఓల్టేజి కింద మూసి ఉన్నాయి. ఇప్పుడు తయారీ లోపం అని రాస్తే, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావని ముందు నన్నే అడుగుతారు. ఆ భయంతో వారం వారం వాయిదా వేశాను.

ఆరు నెలలకు హెడ్డాఫీసు నుంచి కొత్త ఆదేశం వచ్చింది. ఈ తాలూకాల్లో మోటార్లు దాదాపు అన్నీ ఓల్టేజి తేడా వల్లే కాలిపోతున్నాయని కంప్యూటరు చెబుతోంది కాబట్టి, ఇకమీదట ఓల్టేజి కింద వచ్చే ఫిర్యాదులకు ఉచిత మరమ్మతు ఉండదు. తేలిక మోటారు మీద తయారీ ఫిర్యాదులే లేవు కాబట్టి దాని ఉత్పత్తి పెంచుతున్నారు. ఆ కాగితం రెండుసార్లు చదివాను. అందులో ఉన్నవన్నీ నేను నొక్కినవే.

మునియప్ప తోట

మండికల్ దగ్గర మునియప్పకు ద్రాక్షతోట ఉండేది. పందిరికి రాతికూసాలు పాతి, తీగలు లాగి, భార్య లక్ష్మీదేవమ్మా తనూ కలిసి పెంచుకున్న తోట. బోరు తొమ్మిది వందల అడుగులు. మా తేలిక మోటారు దించాడు. ఆ ఏడాది అది రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ వెంకటరవణప్ప బాగుచేశాడు, రెండుసార్లూ నేను ఓల్టేజి అని మూసి, ఆ రిపోర్టు నకలు మునియప్ప చేతికిచ్చాను.

మూడోసారి ఆగినప్పటికి కొత్త ఆదేశం వచ్చేసింది. కాయ శనగగింజంత అయిన సమయం. ఆ దశలో నీళ్లు ఆగితే కాయ ఊరదు, గుత్తి మీదే ముడుచుకుపోతుంది. మునియప్ప ఫిర్యాదు నంబరు తీసుకున్నాడు. నా తెర మీద దాని పక్కన ఉచిత సేవ వర్తించదు అని దానంతట అదే వచ్చింది. ముందు రెండుసార్లూ ఓల్టేజి అని ఉంది కదా. సాయంత్రం ఆయన నాకే నేరుగా ఫోను చేశాడు.

"సార్, ఆ బెంగళూరు పిల్ల దుడ్డు కట్టల్లంటాండాది. కొని ఏడాది గూడా కాలేదే."

"కంపెనీ ఒప్పుకోలేదప్పా. కరెంటు వల్ల కాలితే వాళ్లు ఒప్పుకోరంట."

"నువ్వొచ్చి చూడు సార్. చూసినాక ఏమన్నా చెప్పు, వింటా. కాయ నిలబడుకోనుండాది."

"రేపు పొద్దున్నే వస్తా."

నేను వెళ్లలేదు. మర్నాడు నెలాఖరు. పది ఫిర్యాదులు ఎర్రబడబోతున్నాయి. వాటిని మూసుకుంటూ కూర్చున్నాను. మునియప్పదీ వాటిలో ఒకటి. వెళ్లి చూడకుండానే, మోటారు పైకి రాకుండానే, కారణం నొక్కి మూసేశాను.

ఆయన మధ్యాహ్నం వరకూ చూశాడు. నేను రానని తేలాక, క్రేన్ బండికి ఇచ్చే డబ్బు లేక, మూడుకాళ్ల స్టాండూ చైనుపుల్లీ ఎవరినో అడిగి తెచ్చుకుని, పక్క తోటలవాళ్లు ఇద్దరితో కలిసి తనే మోటారు ఎత్తడం మొదలుపెట్టాడు. ముప్పై పైపుల దాకా బాగానే వచ్చాయి. తర్వాత పైపును పట్టి ఉంచే బిగింపు జారింది. మిగిలిన పైపులూ మోటారూ బోరులోకి పడిపోయాయి. ఆ కుదుపుకు స్టాండు ఒరిగి మునియప్ప కాలి మీద పడింది. చిక్కబళ్లాపురం ఆసుపత్రిలో చూసి బెంగళూరు పంపించారు. అక్కడ మోకాలి కింద నుంచి తీసేశారు. బోరులో పడిన పైపులు ఇరుక్కుపోయి ఇక రాలేదు. నీళ్లున్న బోరు అలా పూడిపోయింది. తోట ఆ వేసవిలోనే ఎండిపోయింది.

సంగతి నాకు తెలిసి బెంగళూరు ఆసుపత్రికి వెళ్లేసరికి నాలుగు రోజులు గడిచాయి. లక్ష్మీదేవమ్మ వరండాలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాను.

"ఎవురో ఆడపిల్ల ఫోన్ జేసిండె సార్, మీ కంపెనీ నుంచి" అంది. "మీ కంప్లేంటు అయిపోయిండాది, మీకు సంతోషమేనా, అయిదుకు ఎన్ని మార్కులు ఇస్తారమ్మా అని కన్నడలో అడిగె. ఆపొద్దే ఆయన్ని ఆపరేషనుకు లోపలికి తీసుకపోయిండ్రి. ఏం జెప్పల్లో నాకు తెలీలే. అయిదంటి. ఆ పిల్ల మర్యాదగా మాట్లాడె, పాపం."

నేను తెచ్చిన పళ్లు ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను. లోపలికి వెళ్లి మునియప్పను చూడలేదు.

పచ్చటి మ్యాపు

రెండు నెలల తర్వాత హెడ్డాఫీసులో మీటింగు. ఈసారి వెంకటరవణప్ప డబ్బా అడిగి తీసుకెళ్లాను. గోడ మీద దక్షిణాది మ్యాపు పడింది. మా మూడు తాలూకాలు మిగతా అన్నిటికంటే పచ్చగా ఉన్నాయి. టెక్నికల్ డైరెక్టరు నా పేరు చదివి లేచి నిలబడమన్నారు. చప్పట్లు కొట్టారు. నిలబడినవాణ్ని కూర్చోకుండా చెప్పాను. ఆ పచ్చదనం నిజం కాదని, బేరింగు పల్చబడిందని, ఓల్టేజి అని మూసినవాటిలో ఎక్కువ భాగం మోటారు తప్పేనని. డబ్బాలోని ముక్కలు బల్ల మీద పోశాను.

డైరెక్టరు అరవలేదు. నా ఫిర్యాదుల జాబితా తెర మీదికి తెప్పించారు.

"ఇవి మీరే మూశారా? మీ పాస్‌వర్డుతో?"

"నేనే సార్."

ఆయన ఒక వరుస దగ్గర ఆగారు. మునియప్పది. కారణం, ఓల్టేజి తేడా. కస్టమరు ఇచ్చిన మార్కులు, అయిదుకు అయిదు.

"అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

"అప్పుడు రాసింది."

"రెండేళ్లు అబద్ధం రాసిన మనిషి మాట మీద ఒక ఫ్యాక్టరీ లైను ఆపమంటారా?"

ప్రభాకర్ గారు ముందు వరుసలో తల వంచుకుని కూర్చున్నారు. ఇంతలో టీ తెచ్చిన మనిషి ఆ ముక్కలను మోచేత్తో పక్కకు జరిపి కప్పులు పెట్టాడు. మీటింగు ముందుకు సాగింది.

నెలలోపు నన్ను స్టోర్సుకు బదిలీ చేశారు. ఫిర్యాదులు తక్కువగా ఉన్నాయని చింతామణి సెంటరు ఎత్తేశారు. తేలిక మోటారు ఇంకా కొన్నేళ్లు అమ్మారు. రైతులు ఫిర్యాదు చేయడం మానేసి, కొనడం మానేశారు. కంప్యూటరులో ఆ సంగతి పోటీ వల్ల తగ్గిన గిరాకీగా కనిపించింది. దాన్ని చూసి యజమానులు వ్యవసాయ మోటార్లు తగ్గించుకుని, నగరాల్లో అపార్ట్‌మెంట్లకు పంపులు చేయడం మీద పడ్డారు. ఆ లెక్కల ప్రకారం అది తెలివైన నిర్ణయమే. తప్పు ఆ లెక్కలు రాసిచ్చినచోట ఉంది.

కంప్యూటరు మీద నాకు కోపం లేదని కొత్తగా చేరేవాళ్లకు చెప్పాలి. రాఘవన్ గారి కాలంలో కూడా పైవాళ్లు మన మాట మీదే నడిచేవారు. అప్పుడు ఆ మాట ముక్కల రూపంలో బల్ల మీద ఉండేది, కాబట్టి అబద్ధమాడటం కష్టం. ఇప్పుడు ఒక వేలితో అయిపోతుంది. మిమ్మల్ని అబద్ధం రాయమని ఎవరూ చెప్పరు. రంగు మార్చమని మాత్రమే చెబుతారు. ఎర్రగా ఉంటే ఉండనివ్వండి. తిట్లు తినండి, ప్రమోషను పోగొట్టుకోండి. నాకు తెలిసిన సలహా ఇదొక్కటే, ఇది కూడా పాటించనివాడు ఇస్తున్న సలహా.

బాగేపల్లి ప్రయాణం

రిటైరయ్యాక మునియప్ప ఇంటికి వెళ్లాను. రెండు ఆవులున్నాయి, డెయిరీకి పాలు పోస్తున్నారు. తోట ఉన్నచోట పశువుల మేత వేశారు. కూసాలు అమ్మేశారు. ఆయన కుర్చీ వేయించాడు. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను. బేరింగు సంగతి, నాలుగు కారణాల సంగతి, ఆ రోజు రాకుండా ఎక్కడ కూర్చున్నానో, అన్నీ.

ఆయన అడిగాడు, "అట్లయితే కరెంటు తప్పు గాదా?"

"కాదప్పా."

"నువ్విచ్చిన కాయిదంలో అట్లే ఉండె గదా."

"అది అబద్ధం."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు చెప్పాడు. ఆ కరెంటు లైను చూసే లైన్‌మేన్ మునియప్పకు సొంత అక్క మొగుడట. ఆసుపత్రి నుంచి వచ్చాక మునియప్ప ఆ రిపోర్టు పట్టుకుని బాగేపల్లి వెళ్లి, వీధిలో నలుగురి ముందు, నీ వల్ల నా మోటారు కాలింది, నీ వల్ల నా కాలు పోయింది అని బావను నిలదీశాడు. ఆరోజు నుంచి రెండు ఇళ్లకూ మాటల్లేవు. "పోయినేడు ఆయప్ప పోయె. మా అక్క కబురు పంపె. నేను పోలేదు."

"ఇప్పుడు చెప్పిందంతా మా అక్కకు చెప్తావా సార్?" అన్నాడు.

ఆ రోజే బస్సెక్కాం. ఆయన కర్రల మీద దిగడానికి కండక్టరు సాయం పట్టాడు. అక్క తలుపు తీసి తమ్ముణ్ని చూసి పక్కకు జరిగింది, రమ్మని మాత్రం అనలేదు. నేను గడప దగ్గర నిలబడి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అంతా అయ్యాక ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

"ఆయన పోయే ముందర గూడా అదే అంటాండె" అంది. "నేను లైను సరింగానే పెట్టింటి, ఓల్టేజి సరింగానే ఇస్తాంటి, నువ్వన్నా నమ్ము అని."

మునియప్ప తల దించుకున్నాడు.

"నేను గూడా నమ్మలే సామీ" అంది.